నేను కొంగు కప్పుకోలే

“అమ్మమ్మా, నీ చెంప మీది తెల్లమచ్చ ఎప్పటిది?”

ఇదా? అడిగినవా మొత్తానికి! మీ అమ్మ పుట్టిన ఏడాదిదే బిడ్డా. మేం అప్పుడు సారపాక కాడ ఉంటుంటిమి, మీ తాత కాయితం మిల్లుకు వెదురు లారీల మీద పోతుండె. రూపాయి బిళ్లంత మచ్చ లేసింది. మా అత్త మంచిదే, కాదనను, కానీ చేతులు ఊకుండయి గదా! నల్ల జీడిగింజ కాల్చి, పిన్నీసుతోని ఆ చమురు మచ్చకు అంటిచ్చింది. అడివి పక్క ఊర్లల్ల దేనికైనా అదే మందు మరి. తెల్లారేసరికి చెంపంత బొబ్బలు. పుండై రసి కారింది.

ఇగ చూడు, పెద్దరోగం అన్నరు. అదే, కుష్టు. నాకు కంచం వేరు, చెంబు వేరు. అదంత గూడ ఓర్చుకున్న. మీ అమ్మను నా ఒళ్లెకెల్లి గుంజుకపోయిన్రు చూడు! మూణ్ణెల్ల పిల్ల. మేకపాలు పట్టిన్రు దానికి. అది ఆ అర్రల ఏడుస్తుంటే ఈడ నాకు రైక తడుస్తుండె. యాదికొస్తే ఇప్పటికీ కడుపు మండుతది.

మీ తాతా? “కొన్ని దినాలు ఆగు” అన్నడు. ఎందుకాగాలె? పొద్దుగాల మొదటి బస్సెక్కి ఒక్కదాన్నే ఖమ్మం పోయిన. టికెట్ ఎంతనో... ఏమో, అది తియ్యి. చర్మం డాక్టరు కాడ ఆడోళ్లంత ముఖానికి కొంగు కప్పుకొని బెంచీ మీద కూసున్నరు, తెలిసినోళ్లు చూస్తరని. నేను కప్పుకోలే. ఏం, దొంగతనం చేసిన్నా?

జీడి సంగతి, బిడ్డ సంగతి చెప్పినంక డాక్టరు కండ్లు మూసుకొమ్మన్నడు. పుండు చుట్టున్న తెలుపు మీద దూదిపోగు తాకిచ్చుకుంట, ఎక్కడ తాకిందో చెప్పుమన్నడు. అన్నీ చెప్పిన. “కుష్టు మచ్చకు స్పర్శ ఉండదమ్మా. ఇది బొల్లి, ఎవ్వరికీ అంటదు. పుండంటవా, మీ జీడి చేసిన పని. పోయి బిడ్డకు పాలియ్యి” అన్నడు. గంత మాటకు ఆడనే ఏడ్చిన.

ఇంటికొచ్చి చెప్తే ఎవరు నమ్ముతరు? వాకిట్ల కూసొని కండ్లు మూసుకున్న. “అత్తా, దూది తే. నువ్వే తాకియ్యి” అన్న. వాడకట్టంత జమైంది. ఆమె ఎంత మెల్లగ తాకిచ్చినా తెలుస్తుండె నాకు. “చెంప. గదువ. ఇగో, మళ్ల చెంప” అని గట్టిగ చెప్తనే ఉన్న. ఉన్నట్టుండి దూది ఆగింది. కండ్లు తెరవలే నేను, మొండిగ అట్లనే కూసున్న. జరసేపటికి నా ఒళ్లె బరువు తగిలింది. పాలవాసన. మీ అమ్మ.

మచ్చ పోలే, అవ్. ఉండనియ్. మరి నువ్వేంది, మొటిమలకే చున్నీ చుట్టుకొని కాలేజీకి పోవుడు? ఎవరో చెప్పిన క్రీములన్ని పూసుడు? మళ్ల జీడిగింజ కథేనా? రేపు పొద్దుగాల ఇద్దరం దవాఖానకు పోదాం. బెంచీ మీద నీ పక్కన నేను కూసుంట, చూసేటోళ్లు చూడనియ్. ఆ చున్నీ మాత్రం ఈడనే ఇడిసిపెట్టు. ఏదీ, మొఖం ఇటు తిప్పు... నా బంగారం. సల్లగ ఉండు బిడ్డా.