తాళం పడిన చివరి అధ్యాయం

చెంగ్డూలోని అద్దె గదిలో, చనిపోయిన యన్‌షూ పుస్తకాలను ఆమె తల్లి, ఆ గదిలోనే ఉంటున్న స్నేహితురాలు సర్దుతున్నారు. తల్లి బడిలో భాష పాఠాలు చెబుతుంది.

“దాని నవల వస్తున్న సైటువాళ్లు ఆఖరి అధ్యాయం ఎవరికీ కనబడకుండా తాళం వేశారు ఆంటీ. ఒక్క వాక్యం మారిస్తేనే తీస్తారట. థాయిలాండ్‌ పాఠకులు కూడా ముగింపు కోసం రోజూ అడుగుతున్నారు.”

“ఏముందే ఆ వాక్యంలో?”

“కథలోని ఇద్దరబ్బాయిలూ తెల్లారేదాకా కౌగిలించుకుని పడుకున్నారని. మగవాళ్లిద్దరి ప్రేమ అలా బయటికి రాయకూడదట.”

“అంతేనా? అది తీసేస్తే చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?”

“మావాళ్లకి తెలుస్తుంది. ముద్దు పెట్టాడనే చోట అవతలివాడి చొక్కా గుండీలు పెట్టాడని రాస్తే చాలు. ఇలాంటి నవలల్ని టీవీ సీరియల్‌గా తీసి, ప్రేమికుల్ని ప్రాణస్నేహితులని చెప్పినా అందరూ కనిపెట్టేశారు.”

“గడుసువాళ్లే! నువ్వే మార్చకపోయావా?”

“తన రాత మీదికి నాకు చెయ్యి రాలేదు. మీరైతే చిన్నప్పట్నుంచీ దిద్దారుగా.”

“దిద్ది దిద్ది ఏడిపించాను. సరే, రాసుకో. ‘పొద్దున్నే ఇద్దరూ కలిసి తమ ఒక్క దుప్పటినీ ఎండలో ఆరేశారు.’”

“ఆంటీ! ఇది మీకెలా తట్టింది?”

“పోయిన చలికాలం నేనిక్కడికి వస్తే, నువ్వు రోజూ సోఫాలోనే పడుకుంటానన్నావు. బాల్కనీలో మాత్రం ఒక్కటే దుప్పటి ఆరుతోంది. నేనేమీ అడగలేదు. అడిగి ఉంటే యన్‌షూ నాకు చెప్పుకునేదమ్మా.”