తంబాకు డబ్బా మీద అయిదు గీతలు

"అవ్వా, అటుక మీద ఈ తంబాకు డబ్బా దొరికింది. మీద తిప్పే బుడిపె ఉన్నది, చుట్టు గీతలున్నయి. ఏందిది, పారేయనా?"

అగో, పారేయకు బిడ్డా, ఇటియ్యి. పైలం, వైర్లు ఊడుతయి. అది నేను చేసిన. నవ్వుతవేంది? నేనే, ఈ చేతులతోటి. పాటల ఆవాజ్ పెంచి తగ్గించేటందుకు.

అప్పుడు మేం దాజీ పేట్‌ల ఉంటిమి, ఈ నీలం నగర్‌కు ఇంకా రాలే. మీ నాయిన బడికి పోతుండె... కాదు కాదు, బడి అయిపోయింది, మీ మేనత్త లగ్గం అయిన సాలు అది. మీ తాత పవర్‌లూమ్ కార్ఖానాల తువాళ్లు నేస్తుండె, నేను ఇంట్ల బీడీలు చేస్తుంటి. టేప్ ఒకటి, దానికి ఆంప్లిఫైయర్ ఒకటి ఉండె. ఆంప్లిఫైయర్ బుడిపె ఖరాబైంది. పెడితే ఫుల్లు, లేకుంటే బంద్, నడుమ లేనే లేదు. బీడీల చాట ఒళ్లె పెట్టుకొని దాని ముందట కూసుంటే నెత్తి పగులుతుండె.

కొంతం చౌక్ కాడ రేడియోలు బాగుచేసే భాయి ఒకాయన ఉండె. "అది విప్పుడెందుకు భాభీ, నడుమల ఒక డబ్బా పెట్టుకో" అన్నడు. తిప్పితే తిరిగే చిన్న పుర్జా ఇచ్చిండు. చాయ్ పైసలంత గూడ గాలే. దాని కింద మూడు కాళ్లుంటయి, చూడు. టేప్ దిక్కెల్లి వచ్చే వైరు ఒక కొస కాలుకు, ఆంప్లిఫైయర్‌కు పోయేది నడిమి కాలుకు. వైరు లోపట సన్న జాలి ఉంటది గద, అది రెండు దిక్కులది కలిపి మిగిలిన కాలుకు అతికియ్యాలె. గంతే. బీడీకి దారం చుట్టే వేళ్లకు గది పెద్ద పనా?

ఫస్టు రెండు కొసలు తారుమారు చేసిన. పెంచబోతే తగ్గుతది, తగ్గించబోతే ఇల్లు ఎగురుతది. మీ తాత కడుపు పట్టుకొని నవ్విండు. మల్ల విప్పి సక్కగ చేసిన. అప్పుడేమో గుయ్యిమని ఒకటే మోత. ఆ జాలిని డబ్బా రేకుకు గూడ తగిలిచ్చినంక బంద్ అయింది. ఆయన తిప్పి చూసి, "ఇక్కడ ఉంచు, ఏకదమ్ బరోబర్" అన్నడు. బీడీల కత్తెర మొనతోటి గీత గీసిన. ఇదిగో, ఇదే మొదటిది.

కొన్నొద్దులైనంక "నీ డబ్బా వీకైంది, ఆవాజ్ దిగింది" అన్నడు. జర పెంచి రెండో గీత గీసిన. మల్ల గదే మాట. మూడోది. పుర్జా మార్చిన, అయినా గదే మాట, నాలుగో గీత. నాకు చెవులు పగులుతున్నయి అంటే, "నువ్వు టేప్ పక్కనే కూసుంటవు గనుక" అంటడు. ఆడది చేసిందని వంకలు పెడుతుండు అనుకున్న. కోపానికి రెండు రోజులు మాట్లాడలే. నేను అలిగిన సంగతే ఆయనకు తెలువలే, చూడు.

ఇంకోటి చెప్పాలె. గా రోజులల్ల నేను నోరు తెరిస్తె చాలు, ఆయన నా మొఖమే సూస్తుండె. లగ్గమైన కొత్తల గూడ గట్ల సూడలే. నాకు సిగ్గయి కొంగు సదురుకుంటుంటి. నవ్వకు. పక్కింటామెకు గూడ గొప్పగ చెప్పుకున్న.

అయిదో గీత గీసినంక డబ్బా చంకల పెట్టుకొని భాయి కాడికి పోయి, నీ పుర్జాలు ఇట్లనా అని కొట్లాడిన. ఆయన వైర్లు తగిలిచ్చి, మొదటి గీత కాడ పెట్టి ఇడిచిండు. దుకాణం దద్దరిల్లింది. "డబ్బా మంచిగనే ఉన్నది భాభీ. ఇనేటోళ్లు ఎవరు?" అన్నడు. వైర్లు ఊడదీసుకుంట, "మా అబ్బా గూడ లూముల మీదనే పని చేసిండు" అన్నడు, వాళ్ల నాయిన సంగతి.

ఇంటికొచ్చి మీ తాతకు చాయ్ పోసిచ్చిన. ఇటు వీపు పెట్టి తాగుతుండు. టేప్ బంద్ ఉన్నది. "ఇగో, చక్కెర సరిపోయిందా?" అన్న. ఉలుకు లేదు పలుకు లేదు. జర గట్టిగ అన్న. లేదు. ముందటికొచ్చి, గొంతు తియ్యకుండ ఉట్టి పెదవులు కదిలిచ్చిన.

"సరిపోయింది" అన్నడు.

ఏడ్చిన బిడ్డా. నా మొఖం సూసేది గిందుకా అని ఏడ్చిన.

తనకు ఇనవడుత లేదని ఆయనకు ఎరుకే. లూమ్ చప్పుడు మారితే నేసేటోనికి తెలువాలె, చెవి పోయిందంటే కార్ఖానా శేఠ్ పనిల ఉంచుకోడని భయం. లూమ్ మీద అరచెయ్యి పెట్టి, అదురు పట్టి నడిపిస్తుండెనట ఇన్నొద్దులు. నాకు గూడ చెప్పలే. "నీ డబ్బాను ఊకెనే బద్నాం చేసిన" అన్నడు తలకాయ దించుకొని. దవాఖానకు పోదామంటే వారం దాక ఒప్పుకోలే. ఒకనాడు డబ్బా ముందట పెట్టి గీతలు చూపిచ్చిన. ఒక్కొక్క దాని మీద వేలు పెట్టుకుంట పోయిండు, మొదటి నుంచి అయిదో దాని దాక. తెల్లారి తానే అంగీ తొడుక్కొని దవాఖానకు బయలుదేరిండు.

లూముల మోతకు పోయిన చెవి మల్ల రాదన్నడు డాక్టర్, ఉన్నది కాపాడుకోమన్నడు. శేఠ్‌కు నేనే పోయి చెప్పిన. పనిల నుంచి తియ్యలే. ఆయనకు గూడ సగమే ఇనవడుతుండె!

ఇగ ఇప్పుడు చెవి మిషన్ వచ్చె. దానికి గూడ ఆవాజ్ బుడిపె ఉంటది, మినుప గింజంత. ఆయన వేళ్లు మొద్దుబారినయి, దొరకది. పొద్దుగాల నేనే తిప్పుత. మంచిగనే ఇనవడుతది. అయినా నేను మాట్లాడితే ఇప్పటికీ మొఖమే సూస్తడు. "ఇనవడుతున్నది గద, ఇంకెందుకు సూస్తవు?" అని అడిగిన మొన్న.

"ఊకెనే" అన్నడు.

డబ్బా తుడిచి ఆడ పెట్టు, గీతలు పైలం. ఇటు రా. అప్పుడే పాటలు పెట్టుకున్నవా, ఆ చెవులల్ల ఇయర్‌ఫోన్లు తియ్యి, నీ పాట నాకు గూడ ఇనవడుతున్నది. పెట్టుకున్నా జర తగ్గించుకో. సల్లగుండు బిడ్డా. నీకు గూడ మొఖం సూసేటోడు దొరకాలె. చెవులు మంచిగుండి సూసేటోడు.