నాకు పడ్డ ఎనిమిది ఓట్లు

ఎనిమిదా? ఎనిమిది ఓట్లు నాకెలా పడతాయమ్మా? నువ్వే చెప్పు!

అభినందనలు తర్వాత చెబుదువుగానిలే, ముందు కూర్చో. ఆ కుర్చీ మీది పుస్తకాలు కింద పెట్టెయ్. నీ ఫైలు మాత్రం ఒళ్ళోనే ఉంచుకో, ఇప్పుడే ఇవ్వకు. ఎందుకో చెబుతా.

మన పరిశోధన పరిషత్తు కౌన్సిల్లో పదముగ్గురం. నేను నిలబడింది గెలుస్తానని కాదు తల్లీ, పోటీ లేకుండా కుర్చీ ఒప్పచెప్పడం ఇష్టంలేక. పెద్దాయన పదేళ్ళు అధ్యక్షుడిగా ఉండి, దిగిపోతూ తన తరఫున లెక్కల ప్రొఫెసర్‌ని నిలబెట్టాడు కదా. నాకు ఖాయంగా పడేవి అయిదు. నా ఓటుతో కలిపి! వేళ్ళ మీద లెక్కపెట్టుకునే వెళ్ళాను.

నిన్న మధ్యాహ్నం సుద్దముక్కల అట్టపెట్టెకి చిల్లి పెట్టి అందులో వేశాం చీటీలు. సెక్రటరీ ఒక్కొక్కటే విప్పి చదివాడు. ఆరోసారి నా పేరు వినపడేసరికి మళ్ళీ వేళ్ళు లెక్కపెట్టుకున్నాను. ఏడు. ఎనిమిది. సంతోషమా? ఎక్కడి సంతోషం! వీళ్ళలో ఎవరా ముగ్గురు, ఎందుకు వేశారు అని ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ కూర్చున్నాను.

ఎకనామిక్స్ ఆవిడ ఉందే, నమస్కారం పెడితే కిటికీలోంచి బయటికి చూసే మనిషి, లేచొచ్చి కావిలించుకుంది! మ్యాపుల మాస్టారు, అదే, మన జాగ్రఫీ ఆయన, ఏనాడూ నా మాటకి చెయ్యెత్తని పెద్దమనిషి, నా సంచీ పట్టుకుని మెట్లు దిగి గేటు దాకా వచ్చాడు. ఓడిపోయిన లెక్కలాయనో? నవ్వుతున్నాడమ్మా! పరీక్ష వాయిదా పడ్డ పిల్లాడిలా నవ్వుతున్నాడు. ఆయన ఓటు కూడా నాకే వేసుంటాడని నా అనుమానం.

నవ్వకు. నిజంగానే అంటున్నా.

ఇంటికొచ్చీ రాగానే మ్యాపుల మాస్టారికి ఫోన్ చేశాను. "దాపరికం వద్దు మాస్టారూ, నాకు వేశారా?" అని అడిగేశాను. "ఆ కుర్చీకి మీరే తగినవారు మేడమ్. మీరు గొడవలకి పోరు కదా," అన్నాడు.

ఏ గొడవ? ఇప్పుడు కౌన్సిల్ ముందుకొచ్చే గొడవ ఇంకేముంది? ఒక్కటే. నీది.

పెద్దాయన అల్లుడు నీ థీసిస్ ఎత్తి తన పుస్తకంలో పెట్టుకున్నాడన్న ఫిర్యాదు. మూడేళ్ళు రేవుల వెంట తిరిగి, పడవవాళ్ళ నోట ఏరుకొచ్చిన మాటలన్నీ. దాని విచారణ నడిపేది అధ్యక్షురాలు. ఓట్లు సమానమైతే తేల్చేదీ ఆవిడే. నేను నీ గైడుని కదా, విచారణ చెయ్యొచ్చా అని అడిగితే, సెక్రటరీ నిబంధనల పుస్తకం తీసి పేజీ కూడా వెతుక్కోకుండా చూపించాడు, అభ్యంతరం లేదని. ముందే కాగితం ముక్క పెట్టి ఉంచుకున్నాడన్నమాట!

ఆలోచించు. లెక్కలాయన నీ ఫిర్యాదు కొట్టేస్తే, మామగారి మనిషి అల్లుణ్ణి కాపాడాడంటారు. అదే నేను కొట్టేస్తే? సొంత గైడే కాదంది అంటారు. ఇక నీ మాట ఎవరు వింటారు?

కొట్టెయ్యనని నీకంత నమ్మకమా? అలా చూడకమ్మా నా వైపు.

మాస్టారి ఫోన్ పెట్టేసి పది నిమిషాలు కాలేదు, పెద్దాయనే చేశాడు. గొంతు నిండా ఆప్యాయత. "అల్లుడి పుస్తకం రాతప్రతి ఇంకా నా బీరువాలోనే ఉందమ్మా. మీ పెన్సిల్ దిద్దుబాట్లు ఎంత ముచ్చటగా ఉన్నాయో!" అన్నాడు.

అవును. అచ్చుకి పంపేముందు దాన్ని పరిశీలించమని పరిషత్తు ఇచ్చింది నాకే. నీకు చెప్పలేదు. నాలుగో పేజీకే తెలిసిపోయింది, అది నీ పని అని.

గుర్తుందా, నీ మొదటి ప్రతిలో ఒక తప్పు పడింది? పళ్ళూడిన ముసలి పడవాయన 'వారగాలి' అంటే, నువ్వు 'వానగాలి' అని విన్నావు. ఒడ్డు వారగా వీచే గాలికి వానని అంటగట్టి, అరపేజీ వ్యాఖ్యానం కూడా రాశావు. ఎంత నవ్వుకున్నాం ఇద్దరం! చివరి ప్రతిలో దిద్దేశాం. అల్లుడి రాతప్రతిలో ఆ 'వానగాలి' ఉందమ్మా. అదే అరపేజీ. మన డిపార్టుమెంటు బీరువాలోంచి నీ మొదటి ప్రతి పట్టుకెళ్ళాడు.

నేనూ రేవులు తిరిగాను, అవే మాటలు విన్నాను అంటున్నాడు కదా ఇప్పుడు? మాటలు ఎవరైనా వింటారు. నీ తప్పు వాడెలా విన్నాడు?

అదొక్కటీ చాలు నువ్వు గెలవడానికి. అచ్చయిన పుస్తకంలో దానికోసం వెతికావు కదూ? దొరకలేదు కదూ?

నేనే దిద్దాను.

'న' కొట్టేసి 'ర' పెట్టాను. ఆ అరపేజీ అడ్డంగా గీసేశాను. ఎందుకా... ఆ నెలలోనే నన్ను కౌన్సిల్లోకి తీసుకోవాలా వద్దా అని పెద్దాయన ఆలోచిస్తున్నాడు. నోరు విప్పితే నా పేరు కొట్టేస్తాడు. తప్పు అలాగే వదిలేస్తే, ఏదో ఒకనాడు నువ్వు పట్టుకుని, పరిశీలించింది ఎవరని అడుగుతావు. భయమేసింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణమేదీ లేదు, వెతికి చూశాను.

పన్నెండుమంది మీదా అనుమానపడ్డాను నిన్నంతా. వాళ్ళకి మాత్రం నా మీద అనుమానమే లేదు, చూశావా!

లేస్తున్నావా? లే. నీళ్ళైనా తాగమని ఏ మొహం పెట్టుకుని అడగను?

ఆ ఫిర్యాదు ఫైలు నాకివ్వకు. సెక్రటరీకే ఇయ్యి. సాక్షుల్లో నా పేరు రాయి, పెద్దాయన బీరువాలోని రాతప్రతి తెప్పించమని రాయి. సాక్షిగా నా పేరుంటే అధ్యక్షస్థానంలో కూర్చోనివ్వరు నన్ను. రాజీనామా రాద్దామని పొద్దున్నుంచి మూడు కాగితాలు పాడుచేశాను. రాస్తానో లేదో నాకే తెలీదు. అందుకే, నేను తేల్చుకునేదాకా ఆగకు, తిన్నగా అక్కడికే వెళ్ళు.

రసీదు తీసుకో. తేదీ, టైము వేయించు. మాలో ఎవర్నీ నమ్మకు తల్లీ. నన్ను అసలే నమ్మకు.