బిళ్ళ లేని వేలం బుడ్డప్ప

బుడ్డప్పని ఒకడుండె. సంతలో ఊరోళ్ళ ఎద్దుల్ని వేలం పాడి అమ్మిపెట్టేటోడు. గొంతంటే గొంతా అది! "ఒకటోసారీ..." అన్నాడంటే సంతంతా నోరు మూసుకోవాల్సిందే అంట. సెంటు నేల లేదు, ఆ గొంతే వానికి కూడు పెట్టేది. ఇట్ల జరుగుతా ఉంటే ఏమైందంటే, రాజు దండోరా ఏపిచ్చినాడు. ఇంగమీద వేలం పాడాలంటే కోటలో ఇచ్చే ఇత్తడి బిళ్ళ మెడలో ఉండాల, లేనోడు పాడితే నాలిక కోస్తాం అని. దేవుని సొత్తు పాడేటోనికీ, సొంత సొత్తు పాడి అమ్ముకునేటోనికీ మాత్రం బిళ్ళ అక్కర్లేదంట. బిళ్ళ కావాలంటే ఇద్దరు పెద్దరైతులు పూచీ పడాల. బుడ్డప్ప ఇల్లిల్లూ తిరిగినాడు. ఒకరన్నా వస్తే కదా! రేపు రా అంటారు, మాపు రా అంటారు. వాళ్ళ ఎద్దులన్నీ అమ్మిపెట్టింది ఈడే, సూడండి.

అప్పుడు ఓబులేసని ఒక రైతు వచ్చి, ఒరే బుడ్డప్పా, బిళ్ళ యాలరా నీకు, నలుగుర్లో నా ఎద్దు పగ్గం నీ చేతికిస్తా, అప్పుడది నీ సొత్తే గదా, పాడి అమ్ముకో, నిన్నెవడు అడుగుతాడు అన్నాడంట. మన సంతల్లో అంతే గదా, పగ్గం చెయ్యి మారిందంటే ఎద్దు చెయ్యి మారినట్టే. వీడు కడుపు కాలుతున్నోడు అనుకో, సరే అని పాడినాడు. తిప్పమ్మని మొగుడు పోయినామె, ఒక్కగానొక్క కొడుకు సేద్యానికని ఆ ఎద్దును తోలుకపోయింది. అది పొడిసే ఎద్దు. ఓబులేసుకు తెలుసు, బుడ్డప్పకు తెలీదు. మూడోనాడు ఆ కొడుకుని పొడిసి సంపింది. అయ్యో, ఏం చెప్పేది తల్లీ, చేతికందొచ్చిన బిడ్డ.

పంచాయితీ కోటకు పోయింది. నాకేం తెలుసు దొరా, పగ్గం వానికిచ్చినా, నలుగురూ సూసినారు అన్నాడు ఓబులేసు. నలుగురూ ఔనన్నారు. రాజేమో, ఏమిరా, ఎద్దు నీదేనా? కాదంటే బిళ్ళ లేకుండా పాడినావు, నాలిక కోస్తాం. ఔనంటే సచ్చినోని బదులు ఆ ఇంట్లో బతికినన్నాళ్ళూ సేద్యం చెయ్యాల అన్నాడు. బుడ్డప్ప తిప్పమ్మ దిక్కు సూసినాడు. ఆమె ఏడవను కూడా ఏడవకుండా అట్లే నిలబడి ఉంది. "నాదే" అన్నాడు. అంత గొంతున్నోడు, పక్కనోనికి కూడా వినపడనట్ల అన్నాడంట.

నిజం చెప్పకపోతివేమయ్యా అని పెండ్లాం మొత్తుకుంటే, "చెప్పి నేను ఇంటికొస్తే, ఆయమ్మ పొలం ఎవరు దున్నుతారే?" అన్నాడంట.

ఇంగ వాడు నోరు తెరిస్తే ఒట్టు. ఎద్దుల్ని అదిలించేదానికి కూడా కట్టెతో తట్టేటోడంట. నాలిక మిగిలి ఏం లాభం? సంతలో వేలం ఎవరు పాడతాండారంటారా? ఇంకెవరు, ఓబులేసే. మెడలో బిళ్ళ కూడా ఉంది. వానికి ఇద్దరు కాదప్పా, పదిమంది పూచీ పడినారంట.