కంచంలో రెండు ముద్దలు

మచిలీపట్నంలో ఒక వంటగది, మధ్యాహ్నం పన్నెండు దాటింది. స్టౌ దగ్గర పెళ్లిళ్ల బిర్యానీ మాస్టరు హనీఫ్. గడప పక్కన కుర్చీలో ఆయన భార్య జహీదా. గుండెకి స్టెంటు వేయించుకుని ఇంటికొచ్చి పందొమ్మిది రోజులైంది.

“అది చెంచా కాదండీ, గరిటె.”

“చిన్న గరిటే కదా.”

“డాక్టరుగారు నూనె చెంచాతో కొలవమన్నారు. రోజుకి మూడు. పొద్దున ఉప్మాకి ఒకటి అయిపోయింది.”

“మూడు చెంచాల నూనెతో ఏం వండుతారు జహీదా? మా బిర్యానీ డేగిసా అంచుకి అంటుకునేదే అంతకంటే ఎక్కువ ఉంటుంది.”

“ఇది డేగిసా కాదు, మూకుడు. సగం తీసెయ్యండి.”

“తీశాను.”

“నేను చూస్తూనే ఉన్నాను.”

“ఇంకొంచెం తీశాను.”

“ఇప్పుడు బీరకాయ ముక్కలు వెయ్యండి. నీళ్లు పొయ్యకండి, వాటికవే ఊరతాయి.”

“తెలుసు.”

“ఎలా తెలుసు? బీరకాయ ఎప్పుడైనా వండారా?”

“నిన్న చెప్పావుగా.”

“నిన్న సొరకాయ.”

“రెండూ ఒకటే. రెండింటికీ రుచి లేదు.”

“నానిన పెసరపప్పు అందులో వేసి మూత పెట్టండి. కొరమేను ఎంత తెచ్చారు?”

“కిలోంబావు.”

“ఇద్దరికి కిలోంబావా?”

“చిన్నది చూడమంటే చేపల ఆవిడ నా మొహం చూసి, ఒంట్లో బాగాలేదా మాస్టరుగారూ అంది. ఇంకేం అడగను?”

“పక్కింటి రమణమ్మగారికి సగం ఇచ్చారా?”

“ఇచ్చాను. మీ ఇంట్లో ఏమైనా ఫంక్షనా అని అడిగింది.”

“మన ముక్కలకి పసుపు, మిరియాలపొడి, నిమ్మరసం పట్టించి పెనం మీద వెయ్యండి. అంతే.”

“అంతేనా?”

“అంతే.”

“షాజీరా?”

“వద్దు.”

“వేయించిన ఉల్లిపాయ, ఊరికే పైన, చూడ్డానికి?”

“వేయించడానికి నూనె ఎక్కడిది?”

“ఈ వంట నేను చేస్తున్నానని బయట చెప్పకు.”

“నేను చెప్పక్కర్లేదు. నిన్న పాలావిడ కూడా అడిగింది, మాస్టరుగారు సొరకాయ వండుతున్నారటగా అని. ఫోన్ మోగుతోంది.”

“మోగనీ.”

“మార్కుగారు. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్న మనిషి, తియ్యండి.”

“హలో. నమస్తే మార్కుగారూ. ఆఁ, ఇంట్లోనే. పర్వాలేదండీ, నడుస్తోంది, నాలుగడుగులు. ఆఁ, గుర్తుంది, శనివారం, నాగాయలంక, నాలుగొందల మంది. అదేనండీ నేను చెప్పింది. మా ఆవిడ కంచం ఖాళీ చేసిన రోజే మళ్లీ బయట పొయ్యి వెలిగిస్తాను. నిన్నా మిగిలిందండీ. ఇవాళ ఇంకా వడ్డించలేదు. ఒంటిగంటకా? సరే, ఒంటిగంటకి మీరే చెయ్యండి. రానంటే ఇంకో మాస్టరుని చూసుకోండి, నేనేమీ అనుకోను. ఉంటానండీ.”

“నా కంచం సంగతి నాగాయలంక దాకా వెళ్లిందన్నమాట.”

“నాకు వేరే పద్ధతి తెలీదు. ముప్పై ఏళ్లుగా పందిట్లో నేను రుచి చూడను. తిని లేచినవాళ్ల విస్తళ్లు చూస్తాను. వాటిల్లో మిగిలితే తప్పు నాది. ఇంట్లో మనిషి కంచంలోనే మిగులుతుంటే బయటివాళ్లకి ఏ మొహం పెట్టుకుని వండను?”

“ఇప్పటికి ఎన్ని పెళ్లిళ్లు వదులుకున్నారు?”

“రెండు. ఇది మూడోది.”

“మీ మనుషులు ఊరుకున్నారా?”

“ఇర్ఫాన్ వేరే మాస్టరు దగ్గర చేరాడు.”

“ఇర్ఫానా? పన్నెండేళ్ల నుంచి మీ పక్కన గరిటె పట్టుకున్నవాడు.”

“వాడికీ ఇల్లుంది, పొయ్యి వెలగాలి. మిగతావాళ్లు ఈ శనివారం దాకా చూస్తామన్నారు.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత నేను ఒక్కణ్ణే మాస్టర్ని.”

“నాకు ముందే ఎందుకు చెప్పలేదు?”

“గుండె జబ్బు మనిషికి చెప్పే మాటలా ఇవి? చెయ్యి కడుక్కో, వడ్డిస్తాను.”

“ఇంత అన్నమా?”

“కొంచెమే.”

“డాక్టరుగారు ఒక్క కప్పు అన్నారండీ.”

“నా చెయ్యి అంతే. వందలమందికి వడ్డించిన చెయ్యి ఒక్క మనిషికి ఒదగదు. తిను.”

“కూర బాగుంది.”

“ఊరికే అనకు.”

“నిజంగానే. చేప కూడా. ఉప్పు తక్కువైనా నిమ్మకాయ కాపాడింది.”

“ముల్లు చూసుకో.”

“కొరమేనుకి ముళ్లెక్కడివి? మీరు ముందు కూర్చోండి. అలా నిలబడి కంచంలోకి చూస్తుంటే ఎవరి పెళ్లికో వచ్చినట్టుంది నాకు.”

“కూర్చున్నాను.”

“మీరూ పెట్టుకోండి.”

“పెట్టుకున్నాను. ఇది నిజంగా చప్పగానే ఉంది కదా.”

“అలవాటవుతుంది.”

“అయింది. అదే భయం. ఏం, ఆపేశావు?”

“చాలండి.”

“రెండు ముద్దలు మిగిలాయి.”

“కడుపు నిండింది.”

“నిన్నా రెండే. మొన్న క్యారెట్ కూర చేసినప్పుడూ రెండే. మెతుకు అటూ ఇటూ లేదు. ఏం తక్కువైందో చెప్పు. కారమా?”

“కాదు.”

“పులుపా?”

“వంటలో లోపం లేదండీ.”

“అయితే వండేవాడిలో ఉంది.”

“అలా అన్నానా నేను?”

“నువ్వు అనవు. ఆ రోజు సంగతి ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు.”

“మళ్లీ అదెందుకు ఇప్పుడు?”

“పామర్రు పెళ్లిలో నేను పొయ్యి దగ్గరున్నాను. చొక్కా పందిరి రాటకి తగిలించాను, ఫోన్ చొక్కా జేబులో ఉంది. గుండె పట్టుకుని పదకొండుసార్లు చేశావు. రమణమ్మగారు ఆటోలో వేసుకెళ్లారు కాబట్టి సరిపోయింది. నేనేమో అప్పుడు విస్తళ్లు చూసుకుంటున్నాను, ఒక్కదాంట్లోనూ మెతుకు లేదని మురిసిపోతున్నాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది జహీదా.”

“వేడికి ఫోన్ పాడవుతుంది, పొయ్యికి దూరంగా పెట్టండని చెప్పింది నేనే.”

“కోపం లేదూ?”

“ఉంటే ఉప్పు లేదు, పులుపు లేదు అని రోజూ వంక పెట్టేదాన్ని.”

“మరి ఈ రెండు ముద్దలు?”

“చెప్తే నవ్వుతారు.”

“ఇప్పుడు నాకు నవ్వొచ్చేలా లేదు.”

“ఇన్నేళ్ల కాపురంలో నేను వేడన్నం తిన్నది ఈ పందొమ్మిది రోజులే.”

“అదేంటి?”

“మీకు పెట్టి, పిల్లలకి పెట్టి, వచ్చినవాళ్లకి పెట్టి, ఆఖర్ని నేను కూర్చునేసరికి గిన్నె చల్లారిపోయేది. ఎవరూ చెయ్యమనలేదు, అలా అలవాటైపోయింది. ఇప్పుడు మీరు కూర్చోబెట్టి వడ్డిస్తున్నారు. ముళ్లు లేని చేపకి ముల్లు చూసుకో అంటున్నారు. కంచం ఖాళీ చేస్తే తెల్లారేసరికి డేగిసాలు బండి ఎక్కిస్తారు. అందుకని ఉంచేస్తున్నాను.”

“కావాలనే?”

“కావాలనే. ఆకలేమీ ఉండదు, చాలినంతే తింటున్నాను. పట్టుబట్టి తింటే ఇంకో రెండు ముద్దలు పట్టేవి, అంతే.”

“పందొమ్మిది రోజులు.”

“మొదటి నాలుగు రోజులు నిజంగానే తినలేకపోయాను. తర్వాతవి నావి. ఇర్ఫాన్ వెళ్లిపోయాడని నాకు తెలీదండీ. మీ చేతిలో పని పోగొట్టి నేను వేడన్నం తింటే నాకు అరుగుతుందా?”

“ఏం చేస్తున్నావు?”

“తింటున్నాను.”

“ఆగు.”

“ఒకటి.”

“జహీదా, ఆగమన్నానా?”

“రెండు. ఇదిగో కంచం, చూసుకోండి. మీ పందిట్లో విస్తరి కూడా ఇంత శుభ్రంగా ఉండదు.”

“ఎందుకు తిన్నావు?”

“ఒంటిగంటయింది, అదిగో ఫోన్. వస్తున్నానని చెప్పండి ఆయనకి. నాకు రమణమ్మగారు ఉన్నారు, మీ చొక్కా పొయ్యి పక్కనే తగిలించుకోండి. ఏంటలా చూస్తారు? ఖాళీయే కదా, తియ్యండి ఫోన్.”

“డాక్టరుగారి కప్పు ఎంతో నాకు తెలీదనుకున్నావా? నాలుగొందల విస్తళ్లలో గరిటె తేడా రానివ్వను నేను. నీ కంచంలో రోజూ రెండు ముద్దలు ఎక్కువ పెడుతున్నది నువ్వు ఖాళీ చేస్తే నిన్నొదిలి వెళ్లాల్సొస్తుందనే.”