గీతలక్కయ్య సరిదిద్దని వాక్యం

పందొమ్మిదివందల ఎనభై తొమ్మిది జూలై మూడవ తేదీ ఉదయం మన రేడియో కేంద్రపు ధ్వని విభాగంలో ఒక యువతి సహాయకురాలిగా చేరారు. బ్లేడుతో టేపును కోసి, అతుకు ఎక్కడుందో చెవికి అందకుండా అతికించే విద్యను ఆనాటి పెద్దల వద్ద అభ్యసించి, అనతికాలంలోనే వారి మన్ననలు పొందిన ఆ యువతే, నేడు ప్రధాన ధ్వని సంపాదకురాలిగా పదవీ విరమణ చేస్తున్న మన గీతలక్కయ్య.

టేపుల కాలం పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆమెకు కొన్నాళ్ళు బెంగ పట్టుకుంది. పాత యంత్రం మీద వేళ్ళతో ప్రతిధ్వనిని పెంచుతూ తగ్గిస్తూ పోయే వీలుండేది. కంప్యూటర్లో తొలినాళ్ళలో ఒకసారి ఎంత నిర్ణయిస్తే అంతే మొదటినుంచి చివరిదాకా ఉండిపోయేది. సొరంగంలోకి నడిచి వెళ్ళవలసిన పాత్ర, ఇంకా రోడ్డు మీద ఉండగానే సొరంగంలో మాట్లాడుతున్నట్టు వినిపించేది. తరువాత వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో, శబ్దం మీదుగా సాగే గీతపై చుక్కలు పెట్టి పైకీ కిందికీ లాగితే, కాలం గడిచేకొద్దీ ప్రతిధ్వనీ స్పష్టతా ఆ గీత వెంబడే మారతాయని తెలిసిన రోజున ఆమె భోజనం మాటే మరిచారు. ఆ గీతలే ఆమెకు ‘గీతలక్కయ్య’ అన్న పేరు తెచ్చాయి. “మా ఇంట్లో నేను కాస్త గొంతు పెంచితే చాలు, చేత్తో గాల్లో గీతను కిందికి లాగుతుందండీ” అని డ్రాయింగు మాస్టారైన వారి శ్రీవారు మన వార్షికోత్సవాల్లో నవ్వించడం అందరూ ఎరిగినదే.

మన కేంద్రం ప్రసారం చేస్తున్న ఒక ధారావాహిక నాటకంలో అమ్మమ్మ పాత్ర ధరిస్తున్న నటీమణికి ఆ రోజుల్లోనే గొంతుకు శస్త్రచికిత్స జరిగింది. కోలుకుని వచ్చి చదివారు గానీ, ప్రతి వాక్యం చివరా గొంతు జీరబోయి మాట మసకబారేది. మొత్తం మీద ఒకే మోతాదులో స్పష్టత పెంచి చూస్తే, బాగున్న మాటలు కూడా డబ్బాలోంచి వచ్చినట్టయ్యాయి. ప్రసారం దగ్గరపడింది. పాత్రను మరొకరికి ఇవ్వక తప్పదని దర్శకులు చెప్పగానే, ఆ నటీమణి వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చుండిపోయారు.

అక్కయ్య ఒక్క అవకాశం ఇమ్మని దర్శకులను అడిగారు.

“ఆవిడ గొంతంతా పాడవలేదండీ. నొప్పున్న చోట రాస్తే చాలు, ఒళ్ళంతా మందు పూయడమెందుకు?”

మాట మాటనూ విడివిడిగా వింటూ, జీర మొదలయ్యే చోట గీతను మెల్లగా ఎత్తి, తేరుకున్న చోట దించుతూ ఆమె ఆ భాగమంతా పూర్తిచేశారు. దర్శకులు వింటూ, జీర అలాగే ఉన్న ఒకచోట ఆపించి, ఈ వాక్యాన్ని మరిచిపోయారా అని అడిగారు.

“లేదండీ. అమ్మమ్మ మనవరాలిని సాగనంపుతూ ఏడుపు దిగమింగుకుంటోంది. అక్కడ జీర తీసేస్తే ఇంకేం మిగులుతుంది?”

ఆయన దాన్ని మళ్ళీ విన్నారు. లేచి వెళ్ళి నటీమణిని స్వయంగా లోపలికి తీసుకువచ్చారు. అంతా విని ఆవిడ, “ఇది నేనే కదూ?” అన్నారు.

“మీరేనమ్మా. నేను పక్కన నడిచానంతే.”

నాటకం ముగిసేవరకూ ఆ పాత్ర ఆవిడదే.

అనంతర కాలంలో విభాగాధిపత్యం వహించినా, అక్కయ్య హెడ్‌ఫోన్లు వదలలేదు. కిర్రుమనే కుర్చీని రికార్డింగు గదిలోకి తెచ్చినవారు ఎంతటి అధికారులైనా ఆమె చివాట్లకు అతీతులు కారు. అదే నోటితో, కొత్తవారు చేసిన పనిలో ఒక్క మంచి క్షణం దొరికినా పదిమందినీ పిలిచి వినిపించేవారు. ఆ చివాట్లూ ఆ మెప్పూ రెండూ ఇకపై మాకు లోటే.

గడియారం తొందరపెట్టని ఉదయాలూ, శ్రీవారితో తీరికైన సాయంత్రాలూ ఆమెకు సమృద్ధిగా లభించాలని, సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లుతూ, వాననూ పిట్టలనూ పిల్లల అల్లరినీ దేన్నీ సరిదిద్దే పని లేకుండా హాయిగా వింటూ ఉండాలని సహోద్యోగులమందరం మనసారా ఆకాంక్షిస్తున్నాము.