తాడు గిన్నెలు కుట్టిందెవరు?

పొద్దున్నే ముందుగదిలో కుట్టుమిషను ముందు భార్య. పక్కనే స్టూలు మీద భర్త, రిటైరైన బస్సు డ్రైవరు. బల్ల మీద తాడుని చుట్టలుగా చుట్టి కుట్టిన గిన్నెలు.

“తొక్కకు, తొక్కకు! ముందు తాడు చుట్టు, తర్వాత తొక్కు.”

“అరవకండి, పక్కింటికి వినపడుతుంది.”

“వినపడితే ఏం? నేను కుట్టిన గిన్నెలన్నీ నువ్వే కుట్టావని పక్కింటావిడ దగ్గర కోతలు కోసిందెవరు?”

“ఏదో నోరు జారింది.”

“ఒకసారైతే జారడం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తే దాన్ని జారడం అనరు.”

“మరేం చెప్పమంటారు? మా ఆయన నా మిషను లాక్కుని తాళ్లు కుట్టుకుంటున్నాడని చెప్పనా? నవ్వరూ?”

“నవ్వితే నవ్వనీ. గిన్నెలు చూసి మెచ్చుకున్నారుగా?”

“మెచ్చుకున్నారనేగా నావని చెప్పింది!”

“ఆహా!”

“ఆహా లేదు, ఓహో లేదు. నేర్పమని ఆవిడ ఈపాటికి బయల్దేరే ఉంటుంది. ఇవాళ నా పరువు మీ చేతుల్లో ఉంది. చెప్పండి, తర్వాతేంటి?”

“తాడు కొసని నత్తలా చుట్టు. ఆఁ, అలా. ఇప్పుడు జిగ్‌జాగ్ పెట్టు. సూది ఓసారి ఈ వరసలో దిగాలి, ఓసారి పక్క వరసలో దిగాలి. రెండిటినీ కలిపి పట్టుకోవాలి.”

“పట్టుకుంది... పట్టుకుంది... అయ్యో, వదిలేసింది!”

“లాగుతున్నావు మరి. తాడుని లాగకు, దారి చూపించు చాలు. మలుపులో స్పీడు తగ్గించు.”

“ఇదేమన్నా బస్సా?”

“బస్సే నయం. హారన్ కొడితే జనం తప్పుకునేవాళ్లు.”

“సరే, అడుగు వచ్చింది. గోడ ఎలా లేస్తుంది?”

“అడుగుని ఎడంచేత్తో ఎత్తి మిషనుకి ఆనించు. అలాగే తిప్పుతూ కుట్టుకుంటూ పో, గోడ దానంతటదే లేస్తుంది.”

“లేచిందండీ! చూడండి, చూడండి!”

“లేచింది. నీ స్వెట్టరు చెయ్యి కూడా దాంతోపాటే లేచింది.”

“అయ్యయ్యో, కలిపి కుట్టేశానా! కత్తెర... కత్తెరేదండీ?”

“వదినగారూ, ఉన్నారా?”

“ఆవిడే! వచ్చేసింది! మీరు లోపలికి వెళ్లండి.”

“నేను వెళ్తే నీ చెయ్యెవరు విడిపిస్తారు?”

“ష్... రండి వదినగారూ, రండి రండి. ఇప్పుడే ఓ కొత్త రకం మొదలుపెట్టాను.”

“చేత్తో సహానా?”

“అదీ... ఇదేంటంటే... చలికి...”

“కంగారుపడకండి. కుట్టేది అన్నయ్యగారని నాకెప్పుడో తెలుసు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే మీ మిషనూ, ఆయన వీపూ చక్కగా కనపడతాయి.”

“తెలిసీ నన్నెందుకు అడిగారండీ నేర్పమని?”

“మిమ్మల్నే అడగాలి మరి. ఏవండీ, గుమ్మంలో నిలబడ్డారేం, లోపలికి రండి. అన్నయ్యగారూ, కుట్టడం మా ఆయనకి నేర్పండి. ఆయన కుట్టినవి నేనే కుట్టానని నలుగురికీ ఎలా చెప్పుకోవాలో వదినగారి దగ్గర నేను నేర్చుకుంటాను.”